10వ రోజు మనిషి, 22వ రోజు మనిషి: ఒక కేస్ స్టడీ

ఈ కేసు గురించి రాయడానికి ఆమె ఒప్పుకుంది. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఇక్కడ ఆమెను వనజ అంటాను. అనుమతి అడిగినప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే: "మొదట్లో మీరు నా మాట నమ్మలేదన్న సంగతి కూడా రాయండి డాక్టర్ గారూ." అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

వనజ వయసు 37. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. ఇద్దరు పిల్లలు. పక్షవాతం వచ్చిన తల్లి ఏడాదిన్నరగా ఆమె దగ్గరే ఉంటోంది. తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి రాత్రి రెండు మూడు సార్లు లేవాలి. మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చున్న రెండు నిమిషాలకే ఏడ్చేసింది. చిన్న మాటకే మండిపడుతున్నానని, ఒళ్లంతా బరువుగా ఉంటోందని, ఏ పని మీదా ధ్యాస నిలవడం లేదని, నిద్ర పట్టడం లేదని చెప్పింది. ఎప్పటి నుంచి అంటే ఏడాది పైగా అంది. తల్లి జబ్బు, తెగిన నిద్ర, ఆఫీసు టెన్షన్ అన్నీ కళ్ల ముందే ఉన్నాయి. మధ్యస్థ స్థాయి డిప్రెషన్ అని కేస్ షీట్‌లో రాశాను. సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములు మొదలుపెట్టి వారం తర్వాత 50 చేయమని, రెండు వారాలకు రమ్మని చెప్పాను.

రెండు వారాలకు వచ్చిన మనిషి వేరు. నవ్వుతూ వచ్చింది. "రెండో రోజుకే తేడా తెలిసిందండీ" అంది. ఈ మందు అంత త్వరగా పనిచేయదమ్మా, రెండు మూడు వారాలు పడుతుంది, మనసు విప్పి మాట్లాడారు కాబట్టి తేలికపడి ఉంటుంది అన్నాను. ఆమె ఇంకేదో చెప్పబోయి ఊరుకుంది. మందు కొనసాగించమని, ఇక నాలుగు వారాలకోసారి వస్తే చాలని చెప్పి పంపాను.

ఆ తర్వాత మూడు నెలలూ ఆమె నాలుగు వారాలకోసారి వచ్చింది. ప్రతిసారీ బాగానే ఉంది. నిద్ర పర్లేదు, పనికి వెళుతోంది, ఏడుపు లేదు. కేస్ షీట్‌లో మూడు చోట్లా "మెరుగు" అనే ఉంది. తర్వాతి అపాయింట్‌మెంట్ రోజున నేను సెలవులో ఉన్నాను. అది 12 రోజులు వెనక్కి జరిగింది.

ఆ రోజు వచ్చింది మళ్లీ మొదటి రోజు మనిషే. ఇంకా చెప్పాలంటే అంతకన్నా అధ్వాన్నం. మూడు రోజుల కిందట పెద్దపిల్ల మీద చెయ్యి చేసుకుందట. ఆ మాట చెప్పి చాలాసేపు తల ఎత్తలేదు. "లేకపోతేనే బాగుండు అనిపిస్తోంది" అంది. మందు వేసుకుంటున్నారా అని అడిగితే అప్పుడు అసలు సంగతి చెప్పింది. మొదటి నెలలోనే కడుపులో తిప్పుతోందని, పైగా తనకు బాగానే ఉందని ఆపేసిందట. మళ్లీ "ఆ రోజులు" వచ్చినప్పుడు నాలుగు రోజులు ఓర్చుకుని, ఇక తట్టుకోలేక మాత్ర వేసుకునేదట. రెండు రోజుల్లో కాస్త తేలికపడేది. బాగుండగానే ఆపేసేది.

ఆ రోజులంటే ఏవి అని అడిగాను. అప్పుడు గానీ నాకు పీరియడ్స్ తేదీ అడగాలని తోచలేదు. ఏడు రోజుల్లో రావాలి అంది. ఆమెకు నెలసరి 28 రోజులకు, అటూ ఇటుగా ఒకరోజు తేడాతో, క్రమంగా వస్తుంది. నెలసరి మొదలైన రోజును 1గా లెక్కపెడితే, ఆ రోజు 22వ రోజు. మొదటిసారి నా దగ్గరికి వచ్చింది 24వ రోజున. రెండు వారాల తర్వాత వచ్చినది 10వ రోజు. అక్కడి నుంచి నాలుగు వారాలకోసారి రమ్మన్నాను కాబట్టి ప్రతిసారీ దాదాపు 10వ రోజే నా ముందు కూర్చుంది. అంటే నేను చూస్తూ వచ్చింది నెలలో ఆమె అన్నిటికన్నా బాగుండే వారాన్ని మాత్రమే. మందు పనిచేస్తోందని నేను మురిసిపోయిన ఆ మూడుసార్లూ, నా ముందుకు వచ్చే రోజుల్లో ఆమె మందు వేసుకోనేలేదు.

ఈ సంగతి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. నెలకోసారి ఫాలో అప్ అనేది మా వృత్తిలో అలవాటు. నెలసరి కూడా నెలకోసారే వస్తుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలిసిపోతే జబ్బు డాక్టరుకు కనిపించకుండా పోతుంది.

పీఎండీడీ, అంటే ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్, 2013లో డీఎస్ఎమ్-5లో, అంటే అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథంలో, పూర్తి స్థాయి రోగనిర్ధారణగా చేరింది. పీరియడ్స్‌కు ముందు చాలామందికి కలిగే చిరాకు, ఉబ్బరం దీని కిందికి రావు. 11 లక్షణాల్లో కనీసం 5 ఉండాలి. వాటిలో ఒక్కటైనా మనసుకు సంబంధించిన ప్రధాన లక్షణం అయి ఉండాలి: మూడ్ ఒక్కసారిగా మారిపోవడం, కోపం, దిగులు, ఆందోళన. పీరియడ్స్ ముందు వారంలో రావాలి, మొదలైన కొద్దిరోజులకు తగ్గాలి, ఆ తర్వాతి వారంలో దాదాపు మాయమవ్వాలి. చదువునో ఉద్యోగాన్నో బంధాలనో దెబ్బతీసేంతగా ఉండాలి. జ్ఞాపకం మీద ఆధారపడి చెబితే చాలదు. కనీసం రెండు నెలసరుల పాటు ఏ రోజుది ఆ రోజు రాసి చూడాలి.

ఇక్కడ నాకు ఒక చిక్కు వచ్చింది. రాయించడమంటే మందు లేకుండా రెండు నెలలు. బతకాలని లేదన్న మనిషిని అలా వదలవచ్చా? ప్రాణం తీసుకోవాలన్న పథకం ఏదీ ఆమె మనసులో లేదని, గతంలో అలాంటి ప్రయత్నం లేదని విడివిడిగా, స్పష్టంగా అడిగి తెలుసుకున్నాను. ఆమె అనుమతితో భర్తను లోపలికి పిలిచి అంతా చెప్పాం. 18వ రోజు నుంచి పీరియడ్స్ వచ్చేదాకా రోజు విడిచి రోజు మా క్లినిక్ నుంచి ఫోన్ చేయాలి, ఆలోచనలు ముదిరితే వేచి ఉండకుండా అదే రోజు రావాలి, చార్టు పక్కన పెట్టి మందు మొదలుపెట్టాలి అని ముగ్గురం ఒప్పుకున్నాం. ఆమే పట్టుబట్టింది: "నాకేమైందో నాకు తెలియాలి."

ఈలోగా పరీక్షలు చేయించాం. థైరాయిడ్ మామూలుగా ఉంది. గతంలో ఎప్పుడైనా అసాధారణమైన హుషారు, నిద్ర అవసరం లేకపోవడం, విపరీతంగా ఖర్చుపెట్టడం లాంటి బైపోలార్ సూచనలు ఉన్నాయేమో అడిగాను, లేవు. ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ తక్కువగా ఉంది. ఐరన్ మొదలుపెట్టాం. మెదడులో మూడ్‌తో సంబంధం ఉన్న సెరటోనిన్ అనే రసాయనం తయారీకి మొదటి మెట్టయిన ఎంజైమ్‌కు ఐరన్ కావాలి. అందుకని ఐరన్‌తో పీఎండీడీ తగ్గుతుందని నేను అనడం లేదు, కానీ ఆమె నీరసానికి అది ఒక కారణమని మాత్రం తర్వాత తేలింది. నెలసరిని నడిపే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ల రిపోర్టులు ఆమె అప్పటికే వేరే చోట చేయించుకుని తెచ్చుకుంది. అన్నీ నార్మల్. "అన్నీ నార్మల్ అయితే తప్పు నాదేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా సమాధానమే ఈ కేసుకు అసలు విషయం. ముందు చార్టు సంగతి చెప్పాలి.

చార్టులో ఆమె ప్రతి రాత్రి ఆరు విషయాలకు 1 నుంచి 6 వరకు మార్కులు వేసింది: కోపం, దిగులు, ఆందోళన, నిద్ర, ధ్యాస, శరీర బాధలు. 1 అంటే అసలు లేదు, 6 అంటే భరించలేనంత. వీటితో పాటు ఆ రోజు టెన్షన్ పెట్టిన సంఘటన ఏదైనా ఉంటే ఒక్క వాక్యం రాయమన్నాను. రెండు నెలల చార్టులనూ పక్కపక్కన పెడితే 4వ రోజు నుంచి 15వ రోజు వరకు దాదాపు అన్నీ 1లు, 2లు. 18వ రోజు నుంచి ఎక్కడం మొదలై 24, 25 రోజులకు శిఖరం చేరి, పీరియడ్స్ వచ్చిన రెండో రోజుకు ఒక్కసారిగా దిగాయి. లోలోపల ఎప్పుడూ ఉండే డిప్రెషన్ పీరియడ్స్ ముందు పెరిగే పరిస్థితి వేరే ఉంది. అందులో మధ్య వారంలో కూడా మార్కులు ఇంత కిందికి దిగవు. వనజది అది కాదు.

నన్ను ఎక్కువసేపు ఆపినవి ఆమె రాసిన ఒంటి వాక్యాలు. మొదటి నెల 9వ రోజున: "లెక్కల్లో తేడా వచ్చిందని అందరి ముందూ మేనేజర్ అరిచాడు." ఆ రాత్రి కోపం 3, దిగులు 3. మర్నాటికి రెండూ 1. అదే నెల 23వ రోజున: "మేనేజర్ ఫైలు మళ్లీ చేయమన్నాడు." ఎవరూ అరవలేదు. ఆ రాత్రి కోపం 6, దిగులు 5, ఆందోళన 6. పీరియడ్స్ వచ్చేదాకా అవి దిగనేలేదు. అదే మనిషి, అదే ఆఫీసు, చిన్నదైన రెండో దెబ్బకే పెద్ద గాయం.

రెండో నెలలో తమ్ముడు తల్లిని పది రోజులు తన ఇంటికి తీసుకెళ్లాడు. అనుకోకుండా ఆ పది రోజులు వనజ 19 నుంచి 28వ రోజు మధ్య పడ్డాయి. రాత్రులు నిద్రపోయింది. ఆ నెల శిఖరం 5, 6లు కాదు, 3, 4లు. లక్షణాలు పోలేదు, ఎత్తు తగ్గింది. రెండు నెలల చార్టుతో దేన్నీ రుజువు చేయలేం. కానీ ఆ కాగితాలు చూస్తే నెలసరి ఆటుపోటు ఒకటి, బతుకులోని ఒత్తిడి ఒకటి, రెండూ ఒకే చోట తగులుతున్నాయని అనిపించింది. ఆ చోటు గురించే ఆమెకు బొమ్మ గీసి చెప్పాను.

సెరటోనిన్‌ను "సంతోషం హార్మోన్" అని ఎక్కడ చూసినా రాస్తుంటారు. ఆ పేరు నాకు నచ్చదు. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లో ఉంటుంది. అది రక్తం లోంచి మెదడులోకి దాటలేదు. అందుకే రక్తంలో సెరటోనిన్ కొలిస్తే మెదడు సంగతి తెలియదు. మెదడు తనకు కావలసింది తానే తయారు చేసుకుంటుంది. ఆహారంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మెదడులోకి చేరాక, మెదడు కాండం నడిమధ్యన ఉండే రాఫే కేంద్రకాలు అనే గుంపుల్లోని కణాలు దాన్ని సెరటోనిన్‌గా మారుస్తాయి. ఆ కణాల సంఖ్య మెదడు మొత్తంతో పోలిస్తే చాలా తక్కువ. వాటి తీగలు మాత్రం మెదడంతా అల్లుకుని ఉంటాయి. కోపాన్ని ఆపుకోవడం, నిద్ర, ఆకలి, ఒక బాధాకరమైన ఆలోచన దగ్గరే తిరుగుతూ ఉండిపోకుండా ముందుకు కదలడం, వీటన్నిటిలోనూ దాని పాత్ర ఉంది. విడుదలైన సెరటోనిన్‌ను తిరిగి కణంలోకి లాక్కునే రవాణా ప్రొటీన్ ఒకటి, విరగ్గొట్టే ఎంఏఓ-ఏ అనే ఎంజైమ్ ఒకటి ఉంటాయి. సెర్ట్రలిన్ లాంటి మందులు అడ్డుకునేది ఆ రవాణా ప్రొటీన్‌నే.

ఈస్ట్రోజెన్ చేతులు ఈ పనులన్నిటి మీదా ఉన్నాయి. రాఫే కణాల్లో దాని గ్రాహకాలు, అంటే అది వచ్చి అతుక్కుని పనిచేసే చోట్లు ఉన్నాయి. అది సెరటోనిన్ తయారుచేసే ఎంజైమ్‌ను పెంచుతుందని కోతుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. విరగ్గొట్టే ఎంఏఓ-ఏను అది తగ్గించి ఉంచుతుంది. ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతే ఏమవుతుందో చూడటానికి కాన్పు తర్వాతి రోజులు మంచి ఉదాహరణ. టొరంటో పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పయిన 4 నుంచి 6 రోజుల మధ్య తల్లుల మెదళ్లలో ఎంఏఓ-ఏ స్థాయి మిగతా స్త్రీలతో పోలిస్తే సగటున 43 శాతం ఎక్కువగా కనిపించింది. ఇది చెబుతుండగానే వనజ నన్ను ఆపింది. ఇద్దరు పిల్లలప్పుడూ నాలుగో రోజు నుంచి కారణం లేకుండా వారం పాటు ఏడ్చిందట. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

నెలసరిలో ఈస్ట్రోజెన్ అండం విడుదలకు ముందు శిఖరానికి చేరి, కాస్త దిగి, మళ్లీ పెరిగి, చివరి వారంలో ప్రొజెస్టెరాన్‌తో కలిసి పడిపోతుంది. ప్రొజెస్టెరాన్ నుంచి పుట్టే అలోప్రెగ్ననలోన్ అనే పదార్థం మామూలుగా మెదడును శాంతపరుస్తుంది. నిద్రమాత్రలు పనిచేసే గాబా గ్రాహకాల మీదే అది కూడా పనిచేస్తుంది. పీఎండీడీ ఉన్న స్త్రీలలో ఈ హెచ్చుతగ్గులకు ఆ గ్రాహకాలు సరిగ్గా సర్దుకోలేవని, శాంతపరచవలసిందే చికాకు పెడుతుందని ఇప్పటి అవగాహన.

"అన్నీ నార్మల్ అయితే తప్పు నాదేనా?" అన్న ప్రశ్నకు 1998లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం జవాబు చెబుతుంది. నెలసరి ముందు తీవ్రమైన మార్పులు వచ్చే స్త్రీలకు అండాశయాల హార్మోన్లను ఆపేసే ఇంజెక్షన్ ఇచ్చారు. చాలామందిలో లక్షణాలు తగ్గిపోయాయి. తర్వాత వాళ్లకు ఈస్ట్రోజెన్ గానీ ప్రొజెస్టెరాన్ గానీ మామూలు మోతాదులో తిరిగి ఇచ్చినప్పుడు లక్షణాలు వెనక్కి వచ్చాయి. ఈ ఇబ్బంది లేని స్త్రీలకు అవే హార్మోన్లు అలాగే ఇస్తే మూడ్‌లో ఏ మార్పూ రాలేదు. హార్మోన్ ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. మార్పుకు మెదడు స్పందించే తీరు వేరు. లీప్జిగ్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో పీఎండీడీ ఉన్నవారి మెదడు మధ్యభాగంలో, అండం విడుదల సమయంతో పోలిస్తే పీరియడ్స్ ముందు రోజుల్లో సెరటోనిన్ రవాణా ప్రొటీన్ సగటున 18 శాతం పెరిగింది. లాక్కునేవి పెరిగితే బయట మిగిలేది తగ్గుతుంది. ఇలా పెరగడం ఇబ్బంది లేని స్త్రీలలో కనిపించలేదు. రక్తపరీక్షలో ఇదేదీ కనిపించదు. వనజకు ఈ మాట చెప్పినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు 11వ రోజు. అది జబ్బు ఏడుపు కాదు.

మరి ఒత్తిడి? అది కూడా రాఫే కేంద్రకాల దగ్గరికే వస్తుంది, వేరే దారిలో. ఒత్తిడిలో మెదడు విడుదల చేసే సీఆర్‌హెచ్ అనే రసాయనం కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను పెంచడంతో ఆగదు, రాఫే కణాల పనితీరునూ మారుస్తుంది. కార్టిసాల్ ఎక్కువగా ఉంటే కాలేయంలో ట్రిప్టోఫాన్‌ను కైన్యురెనిన్ అనే వేరే దారికి మళ్లించే ఎంజైమ్ చురుకవుతుంది. సెరటోనిన్‌కు కావలసిన ముడిసరుకు అటు పోతుంది. ఇంటర్వ్యూ ముందు టెన్షన్ లాంటి కాసేపటి ఒత్తిడిని ఈ వ్యవస్థ తట్టుకుని మళ్లీ మామూలవుతుంది. నెలల తరబడి నిద్ర తెగుతూ, ఎప్పుడు పిలుపు వస్తుందోనన్న ఎదురుచూపులో ఉన్న మెదడుకు ఆ వెసులుబాటు ఉండదు. వనజ విషయంలో తల్లి జబ్బుపడ్డాకే కదా అంతా మొదలైంది అని నేను అనుకున్నది పూర్తిగా తప్పు కాదు. పీరియడ్స్ ముందు చిరాకు ఆమెకు పదేళ్లుగా ఉంది. ఏడాదిన్నరగా ఒత్తిడి దాన్ని జబ్బు స్థాయికి పెంచింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. డిప్రెషన్ అంటే సెరటోనిన్ లోటు అని చెప్పడం మరీ తేలిక చేసి చెప్పడమే. 2022లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ఆ వాదనకు తగినంత ఆధారాలు లేవని తేల్చింది. మందు పనిచేసిందంటే లోటు ఉన్నట్టు రుజువు కాదు కూడా. అయితే పీఎండీడీలో సెరటోనిన్ సంబంధం ఇంకాస్త గట్టిదని నా అభిప్రాయం. దానికి ముఖ్యమైన కారణం నేను కొట్టిపారేసిన ఆమె మాటే. డిప్రెషన్‌కు వారాలు పట్టే ఈ మందులు పీఎండీడీలో రోజుల్లోనే పనిచేస్తాయి. ఈ మందులు అలోప్రెగ్ననలోన్‌ను కూడా పెంచుతాయని, ఆ వేగానికి అదొక కారణం కావచ్చని భావిస్తున్నారు. "రెండో రోజుకే తేడా తెలిసిందండీ" అన్నప్పుడు ఆమె నాకు రోగనిర్ధారణే చెప్పింది. వినవలసింది నేను.

వైద్యం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు 14వ రోజు నుంచి పీరియడ్స్ మొదలయ్యేదాకా మాత్రమే. ఇలా నెలలో సగం రోజులే వాడే పద్ధతికి పీఎండీడీలో మంచి ఆధారాలు ఉన్నాయి. రెండు వారాలు వాడి ఆపితే, నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపినప్పుడు కలిగే ఇబ్బందులు సాధారణంగా రావు. మొదటి నెల 25తో మొదలుపెట్టి, రాత్రి బదులు పగలు భోజనం తర్వాత ఇచ్చేసరికి కడుపులో తిప్పడం తగ్గింది. ఆమె సొంతంగా చేసినదానికీ దీనికీ తేడా మొదలుపెట్టే రోజే: ఆమె మంట అంటుకున్నాక వేసుకునేది, ఇప్పుడు ముందే వేసుకుంటోంది. అలాగని ఎవరూ తమంతట తాము ఇలా మొదలుపెట్టకూడదు. బైపోలార్ ఉన్నవారికి ఈ మందు ఒక్కటే ఇస్తే ప్రమాదం. గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజెన్‌తో పాటు డ్రోస్పిరెనోన్ అనే హార్మోన్ ఉన్న రకం మరో మార్గం. వనజకు మైగ్రేన్ ఉండేది, తలనొప్పికి ముందు కళ్ల ముందు వెలుగు గీతలు కనిపించేవి. అలాంటివారికి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర పక్షవాతం ముప్పును పెంచుతుంది కాబట్టి అటు వెళ్లలేదు.

మందు రాసినంత తేలిక కాలేదు నిద్ర ఏర్పాటు. తమ్ముడిని పిలిపించి చార్టు అతని ముందు పెట్టాను. 19 నుంచి 28వ రోజు వరకు తల్లి అతని దగ్గర ఉండాలన్నది నా సూచన. అతను వెంటనే ఒప్పుకోలేదు. రెండు నెలల గీతలు వేలితో తడిమి చూశాక, ఐదు రాత్రులు తాను వచ్చి పడుకుంటానన్నాడు. పిల్లల విషయంలో వనజ తానే ఒక పద్ధతి పెట్టుకుంది. 20వ రోజు దాటాక కోపం 4కు చేరిందనిపిస్తే వేరే గదిలోకి వెళ్లి పది నిమిషాలు కూర్చుంటుంది. పెద్దపిల్లకు ముందే చెప్పి పెట్టింది, అమ్మ పారిపోవడం లేదని.

వైద్యం మొదలైన మొదటి నెలలో శిఖరం 3. మూడో నెలకు 2. బతకాలని లేదన్న ఆలోచన మొదటి నెలలో ఒక్క రోజు వచ్చి పోయింది, తర్వాత రాలేదు.

ఏడో నెలలో తల్లి చనిపోయింది. ఆ తర్వాత రెండు నెలలూ చార్టు గందరగోళం. 8వ రోజున కూడా 4లు, 5లు. ఇది పీఎండీడీ తిరగబెట్టడమా, దుఃఖమా అని తేల్చుకోవడం తేలిక కాలేదు. మధ్య వారంలో కూడా దిగని మార్కులు చూసి, దుఃఖానికి కాస్త సమయం ఇద్దామనుకున్నాను. కానీ రెండో నెల 22వ రోజున ఆ పాత ఆలోచన మళ్లీ వచ్చిందని ఫోన్ చేసింది. ఆ రోజు నుంచి నెలంతా రోజూ 50 మిల్లీగ్రాములు వేసుకోమన్నాను. ఆరు వారాలకు మధ్య వారం మళ్లీ 1లకు, 2లకు దిగింది. నాలుగు నెలల తర్వాత తిరిగి సగం రోజుల పద్ధతికి వచ్చాం.

ఇప్పుడు ఆమె రెండు నెలలకోసారి వస్తోంది. పోయినసారి 8వ రోజున వచ్చింది. ఈసారి క్యాలెండర్ ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చుని 24వ రోజుకు అపాయింట్‌మెంట్ రాసుకున్నాం.